ఎడమ భుజం మీద చీటీ

వానకోటు కొనేటప్పుడు మీలో ఎవరూ దాని భుజాన్ని వెలుతురుకి ఎత్తి చూడరనుకుంటాను. రంగు చూస్తారు, జేబులు చూస్తారు, టోపీ గట్టిగా ఉందో లేదో లాగి చూస్తారు. నేను మాత్రం ఇప్పటికీ భుజమే చూస్తాను. మొన్న మనవరాలికి బడికి వేసుకెళ్ళే కోటు కొనబోతే కొట్టతను విసుక్కుని, "అక్కడ ఏం కనబడుతుంది తాతగారూ?" అన్నాడు. "కనబడకపోతేనే మంచిది బాబూ" అన్నాను. అతనికి అర్థం కాలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకైనా చెప్పాలని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా మీలో ఎవరికైనా నాలాగా ఇంకొకరి పనిని చూసి, బాగుంది, బాగాలేదు అని చెప్పే ఉద్యోగం దొరికితే, వాళ్ళ కోసం.

డెబ్బైల మొదట్లో నేను భవానీపురంలో ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. షెడ్డు వెనక నాలుగడుగులు వేస్తే కృష్ణ. మా కంపెనీ వేట కోట్లు కుట్టేది. ఈ మాట అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అప్పట్లో మాత్రం కొల్లేటికి బాతుల వేటకు వెళ్ళే మిల్లు యజమానులు, లాయర్లు, పాత జమీందార్ల చుట్టాలు మా దగ్గరే కుట్టించుకునేవారు. మందపాటి కాన్వాసు గుడ్డ, గడ్డి రంగు. ఛాతీ మీద తూటాలు దోపుకోవడానికి వరసగా గూళ్ళు. తుపాకీ ఆనించుకునే కుడి భుజానికి తోలు అతుకు. వెనకవైపు కొట్టిన పిట్టలు వేసుకోవడానికి పెద్ద సంచి, నెత్తురు నడుముకి అంటకుండా దాని లోపల రబ్బరు గుడ్డ. తర్వాత వేట మీద చట్టం వచ్చింది. కోట్ల మీద మా కంపెనీ ముద్ర వద్దనీ, బిల్లులో పేరు రాయవద్దనీ అడిగేవాళ్ళు మొదలయ్యారు. మా యజమాని, మిలిటరీకి గుడారాలు సరఫరా చేసి పైకొచ్చిన మనిషి, ఇక వేటగాళ్ళని నమ్ముకుంటే లాభం లేదని కాలవ గట్లు కాసే లస్కర్లకి, లైన్లు లాగేవాళ్ళకి, సర్వేవాళ్ళకి వానకోట్లు కుట్టడం మొదలుపెట్టారు. తూటాల గూళ్ళు పోయాయి, పిట్టల సంచి పోయింది. గుడ్డ అదే, మైనం అదే.

మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన నన్ను దెప్పుతుండేవారు. "ఏమయ్యా, ప్రాణాలు తీసేవాళ్ళకి బట్టలు కుట్టే కంపెనీలో చేస్తూ ఆదివారం బడిలో పిల్లలకి వాక్యం చెబుతావా?" అని. నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆదిలో మనిషికి మొదటి చొక్కా కుట్టింది దేవుడే కదండీ, అదీ తోలుతోనే కదా అనేవాణ్ణి. వాక్యం నా నోట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అది మంచిదే. కానీ ఎవరికి తగిలేటట్టు వాడుతున్నామో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

నా పని చెకింగ్. చెప్పాలంటే అనుమానించడమే నా ఉద్యోగం. కుట్టు సరిగ్గా ఉందని ఎవరు చెప్పినా నమ్మకూడదు, వేలితో తడిమి చూడాలి. గుడ్డకి మైనం బాగా పట్టిందన్నా నమ్మకూడదు, నీళ్ళు పోసి చూడాలి. మైనం పని ఒకే మనిషి చూసేవాడు. కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు, చేపలు పట్టే ఇంటివాడు. అందరం అతణ్ణి మైనం మేస్త్రి అనేవాళ్ళం. పెద్ద బాండీలో తేనె మైనం, అవిసె నూనె, ఇంకా ఏవో అతనికే తెలిసిన పాళ్ళలో కరిగించి, వేడిమీదే కుంచెతో గుడ్డకి పట్టించి ఎండలో ఆరేసేవాడు. కోటు కుట్టాక కుట్టు వెంబడి సూది కన్నాలుంటాయి కదా, వాటి మీద గట్టి మైనం కడ్డీ రుద్ది పూడ్చేవాడు. ఆ తర్వాతే కోటు నా దగ్గరికి వచ్చేది.

నేను దాన్ని వెదురు దండేనికి తగిలించి, చిల్లుల మూతి ఉన్న డబ్బాతో పైనుంచి నీళ్ళు పోసేవాణ్ణి. గడియారం చూసేవాణ్ణి కాదు. పొడవైన కీర్తన ఒకటి మనసులో మొదటి నుంచి చివరిదాకా చెప్పుకునేవాణ్ణి. అది అయ్యేదాకా నీళ్ళు పడాలి. అయ్యాక లోపల చెయ్యి పెట్టి చూడాలి. పొడిగా ఉంటే పాస్. నా పెదాలు కదలడం చూసి మా కటింగ్ మాస్టారు, ముసలి సాయిబుగారు, "పాస్టరు గారు కోటుకి బాప్తిస్మం ఇస్తన్నారు, ఎవరూ మాట్లాడకండి" అని మిషన్ల దగ్గర ఆడవాళ్ళని నవ్వించేవారు.

పాసైన కోటుకి అట్టముక్క చీటీ కట్టాలి. నంబరు, నా సంతకం. మొదట్లో బొత్తాం కాజాకి దారంతో కట్టేవాళ్ళం. ఆ ఏడాది యజమాని షెడ్డులో వరసగా కొయ్య దండేలు పెట్టించారు. కోట్లు పక్కపక్కనే వేలాడుతుంటే కాజా దగ్గర చీటీ కనబడేది కాదు. అందుకని నేనే ఆలోచించి, చీటీని ఎడమ భుజం మీద లావు సూదితో రెండు కుట్లు వేసి కుట్టడం మొదలుపెట్టాను. దూరం నుంచే వరసంతా కనబడేది. యజమాని చూసి, "బుర్రంటే ఇదీ" అన్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

మూడు నెలలకి మొదటి ఫిర్యాదు వచ్చింది.

వచ్చినవాడు రైసు మిల్లు యజమాని, మా పాత ఖాతాదారు. కొల్లేటికి వెళ్ళొచ్చి నేరుగా షెడ్డుకి వచ్చాడు. తడికోటు తీసి నా బల్ల మీద విసిరి కొట్టాడు.

"ఇదేనా మీ వానకోటు? పడవలో నాలుగు గంటలు కూర్చున్నా. ఎడం భుజం నుంచి చంక దాకా ఐసు నీళ్ళు కారినట్టు కారింది. తుపాకీ ఎత్తితే చెయ్యి వణుకుతోంది."

"నేనే చూసి పాస్ చేశానండీ" అన్నాను.

"అయితే మీ కళ్ళే మార్పించుకోండి."

ఆయన వెళ్ళాక కోటు దండేనికి తగిలించి నీళ్ళు పోశాను. నిజమే, ఎడమ భుజం దగ్గర లోపల తడి. చీటీ ఆయనెప్పుడో తెంపేశాడు. కాన్వాసు మొరటుగా, కొల్లేటి బురదతో మాసిపోయి ఉంది. కన్నం కోసం వెతకాలనే ఆలోచనే నాకు రాలేదు. మైనం సరిగ్గా పట్టలేదనుకున్నాను. వారం తిరక్కుండా ఇంకో రెండు కోట్లు వచ్చాయి. రెండూ ఎడమ భుజమే.

నేను చూసిన రోజున పొడిగా ఉన్న కోటు నెల తిరిగేసరికి కారుతోందంటే ఏమిటి అర్థం? మైనంలో ఏదో కలుస్తోంది. పరీక్ష రోజుకి నిలబడుతుంది, ఎండ తగిలాక కరిగి దిగిపోతుంది. అసలు తేనె మైనం ఎక్కడికి పోతోంది? ఆలోచన ఇక్కడిదాకా వచ్చాక మనిషి దొరకడం ఎంతసేపు?

అప్పట్నుంచి మేస్త్రిని చూడటం మొదలుపెట్టాను. అనుమానంతో చూస్తే ప్రతిదీ సాక్ష్యమే. నేను బాండీ దగ్గరికి వెళితే అతను మూత పెట్టేవాడు. పొగ నా కళ్ళలో పడకుండా పెట్టేవాడని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడనిపించలేదు. పాళ్ళు ఎంతెంత అని అడిగితే, "చేతికి తెలుస్తదండీ, నోటికి రాదు" అనేవాడు. కుడిచేతివాటం మనిషి, గుడ్డ బల్ల మీద పరిచి కుడినుంచి ఎడమకి కుంచె లాగుతాడు, ఎడమ కొసకి వచ్చేసరికి కుంచెలో మైనం అయిపోతుంది, మళ్ళీ ముంచడానికి బద్ధకమో, పిసినారితనమో అని లెక్కగట్టాను. ఆ గుడ్డ మీద ఏ భాగం ఏ భుజమవుతుందో కోసేదాకా కటింగ్ మాస్టారుకే తెలియదు. అది నాకు తట్టలేదు. ఒకరోజు, "ఎందుకు కారుతున్నాయంటావు మేస్త్రీ?" అని మాట కదిపాను. అతను నవ్వి, "మీరు చూసేచోట కారవండీ, మీరు చూశాకే కారతాయి" అన్నాడు. ఆ మాట నాకు వారం రోజులు నిద్రలో కూడా గుచ్చుకుంది. ఎంత ధైర్యం వీడికి అనుకున్నాను. అతను ఉన్నదున్నట్టే చెప్పాడు.

పోతే, శనివారాలు. శనివారం సాయంత్రం అతను తన ఊరి బస్సు ఎక్కడానికి వెళ్ళేటప్పుడు చంకలో ఒక గుడ్డ మూట ఉండేది. గట్టిగా, బరువుగా. ఏమిటని ఎవరూ అడిగేవారు కాదు. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పనిలో మిగిలిన చెత్త ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళేవారు. మిషన్ల దగ్గర ఆడవాళ్ళు పీలికలు తీసుకెళ్ళి బొంతలు కుట్టుకునేవారు. కటింగ్ మాస్టారు కాన్వాసు ముక్కలు తీసుకెళ్ళి చెప్పుల లోపల అట్టలుగా వేసుకునేవారు. నేను చీటీల అట్టలో మిగిలిన ముక్కలు పట్టుకెళ్ళి ఆదివారం బడి పిల్లలకి కంఠత వాక్యాలు రాసి పంచేవాణ్ణి. అది ప్రభువు పని కనక తప్పు కాదు. మేస్త్రి మూట మాత్రం దొంగతనమే అయ్యుండాలి.

లేఖనంలో ఒకాయన ఉన్ని నేల మీద పరిచి, తెల్లవారేసరికి మంచు దాని మీదే పడితే నాకు గుర్తు అని దేవుణ్ణి అడుగుతాడు. నేనూ అలాగే అడిగాను. ప్రభువా, ఈ శనివారం ఆ మూట తేనె మైనం వాసన వేస్తే అదే నాకు గుర్తు అని. శనివారం అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మూట దగ్గర వంగి వాసన చూశాను. మైనం వాసన గుప్పుమంది. పొద్దస్తమానం మైనంలో మునిగి తేలే మనిషి మూట ఇంకేం వాసన వేస్తుంది? అతని చొక్కా పీల్చి చూసినా అదే వాసన వచ్చేది. కానీ నేను గుర్తు అడిగాను, గుర్తు వచ్చింది.

తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన అప్పటికే మండిపోతున్నారు. లస్కర్ల కోట్ల ఆర్డరు చేతిలో ఉంది, కారే కోట్లని పేరు పడితే ఆ ఆర్డరూ పోతుంది. అందర్నీ ఉండమన్నారు. మిషన్లు ఆగాయి. మేస్త్రి చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు.

"మూట విప్పు" అన్నారు యజమాని.

అతను ఆయన వంక చూశాడు, తర్వాత నా వంక. నా వంక చూడటంలోనే అతనికి అంతా అర్థమైందనుకుంటాను. విప్పాడు. నల్లటి ముద్ద. ఇసక, కుంచె వెంట్రుకలు అంటుకుని ఉన్న మైనం.

"బాండీ కింద పళ్ళెంలో కారి గడ్డకట్టిన మడ్డండీ ఇది. గీకి తీసుకెళ్తాను. మా నాన్న వల తాళ్ళకి రుద్దుతాడు. పారేసేదే కదండీ."

"పారేసేదో, పక్కకి తీసిందో ఎవరికి తెలుసు?" అన్నాను.

"మీకు తెలుసు కదండీ, రోజూ చూస్తన్నారుగా నన్ను" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత దండెం మీదున్న కోట్లు నాకు చూపించాడు. "అయ్యగారూ, ఒక్కటి చెయ్యండి. మీరు చూసేసిన కోటుకి ఇప్పుడే, అందరి ముందు మళ్ళీ నీళ్ళు పోయండి. నేనూ చెయ్యి పెట్టి చూస్తాను. నా మైనం కారితే నేనే పోతాను."

అక్కడే దండేనికి పాసైన కోట్లు పాతిక దాకా వేలాడుతున్నాయి. ప్రతిదాని ఎడమ భుజం మీద నా చీటీ. డబ్బాలో నీళ్ళున్నాయి. ఒక్క కీర్తన చెప్పుకునేంత సేపు పట్టేది.

"చూసినదాన్ని మళ్ళీ చూడాల్సిన పని నాకు లేదు" అన్నాను.

నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాటలు చాలా ఉన్నాయి. మొదటిది అదే.

యజమాని అతణ్ణి సోమవారం నుంచి రావద్దన్నారు. అతను మూట మళ్ళీ కట్టలేదు. ముద్దని బల్ల మీదే వదిలేసి, గుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిషన్ దగ్గర ఒకావిడ మెల్లగా, "మరి మా పీలికలు కూడా విప్పి చూపించాలా అన్నయ్యగారూ?" అంది.

మర్నాడు ఆదివారం. మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం ప్రభువు తనకి చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి చెప్పవచ్చు. నేను లేచాను. పనిచేసే చోట దాగి ఉన్న పాపాన్ని ప్రభువు నా ద్వారా బయటపెట్టాడని, గుర్తు అడిగితే గుర్తిచ్చాడని చెప్పాను. సంఘం "స్తోత్రం" అంది. నన్ను దెప్పే పెద్దాయన కూడా అన్నారు. దీన్ని దాచకుండా రాస్తున్నాను. ఎందుకంటే మనిషిని బయటికి పంపడం కంటే, దానికి స్తోత్రం చెప్పించడం పెద్ద తప్పని నాకు తర్వాత అర్థమైంది.

మైనం పని నేనే తీసుకున్నాను. పాళ్ళు తెలియవు కనక తేనె మైనం ధారాళంగా కలిపాను. ఎడమ కొస, కుడి కొస అని లేకుండా రెండేసి పూతలు. కుట్ల మీద కడ్డీ అరిగిపోయేదాకా రుద్దాను. చేతులు కాలాయి. లస్కర్ల కోట్లు తయారయ్యాయి. ఒక్కొక్కటీ దండేనికి తగిలించి నీళ్ళు పోశాను, పొడిగా ఉన్నాయి, చీటీలు కుట్టాను. రేపు పంపాలనగా యజమాని భోజనానికి వెళుతూ, "దేనికైనా మంచిది, చీటీలు కుట్టేసినవాటిలో రెండుమూడు మళ్ళీ చూడండి" అన్నారు. కటింగ్ మాస్టారుని తోడుండమన్నారు.

మేస్త్రి అడిగినప్పుడు చెయ్యనిది యజమాని చెబితే చేశాను.

నీళ్ళు పోశాను. కీర్తన సగంలో ఉండగానే మాస్టారు కోటు లోపల చెయ్యి పెట్టారు. తీసి చూపించారు. వేళ్ళు తడి.

"ఎడమేనా?" అన్నాను.

"ఎడమే."

ఇంకోటి. అదీ ఎడమే. మేస్త్రి లేడు. అతని కుంచె లేదు, అతని బాండీ పాళ్ళు లేవు. నేను, నా మైనం, నా రెండు పూతలు ఉన్నాయి. మాస్టారు కత్తెరతో చీటీ దారం తెంపి, కోటు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచారు. ఎడమ భుజాన్ని రెండు చేతులతో బిగించి వెలుతురుకి పట్టుకున్నారు.

"ఇలా రండి పాస్టరు గారూ."

మసక మసగ్గా ఉన్న గుడ్డలో నాలుగు చుక్కలు. అంత తెల్లటి వెలుగు అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. మామూలు నూలు గుడ్డ అయితే సూది దిగిన చోట దారాలు మళ్ళీ దగ్గరికి జరుగుతాయి. మైనం పట్టిన కాన్వాసు జరగదు. పడ్డ కన్నం పడ్డట్టే ఉంటుంది. కుట్టేటప్పుడు పడ్డ కన్నాలన్నీ మేస్త్రి కడ్డీతో పూడ్చేవాడు. ఆ తర్వాత నేను నీళ్ళు పోసి, పొడిగా ఉందని నిర్ధారణ చేసుకుని, ఇక ఏ చెయ్యీ తగలని చోట రెండు కుట్లు, నాలుగు కన్నాలు పొడిచేవాణ్ణి. బాగుందని రాసిన చీటీయే కోటుని పాడుచేసింది.

మాస్టారు ఒక కన్నంలో గోరు పెట్టి చూశారు. తర్వాత, "మీ సూది లావు బాగానే ఉందండీ" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చీటీలన్నీ విప్పాం. కన్నాల మీద కడ్డీ రుద్ది, మళ్ళీ నీళ్ళు పోసి చూశాం. చీటీలు కాజాలకి కట్టాం. యజమాని వచ్చి అడిగితే, "అన్నీ పొడిగా ఉన్నాయండీ" అన్నాను. అబద్ధం కాదు. కోట్లు వెళ్ళాయి. వానలు పడ్డాయి, కాలవలు నిండాయి, గట్ల మీద లస్కర్లు రాత్రింబగళ్ళు తిరిగారు. ఒక్క కోటు వెనక్కి రాలేదు. యజమాని నా భుజం తట్టి, "చెయ్యి మారింది, కారడం ఆగింది, చూశారా? దొంగని కనిపెట్టింది మీరే" అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయమనుకుని ఉంటారు.

అలా పదిహేను రోజులు గడిచాయి. ఆ పదిహేను రోజులూ నేను అందర్నీ అనుమానించాను. మాస్టారు యజమానితో మాట్లాడుతుంటే చెప్పేస్తున్నారేమో అనుకునేవాణ్ణి. మిషన్ల దగ్గర నవ్వు వినిపిస్తే నా గురించే అనుకునేవాణ్ణి. నిజానికి మాస్టారు ఎవరికీ చెప్పలేదు. ఒక శనివారం కత్తెరకి నూనె పెడుతూ మాత్రం నావైపు చూడకుండా అన్నారు. "రేపు ఆదివారం మీ గుళ్ళో ఏం చెబుతారో నాకు తెలవదు. ఎల్లుండి ఇక్కడేం చెబుతారు పాస్టరు గారూ?"

మర్నాడు బల్ల ఆరాధన, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, రసం పంచుకునే రోజు. రొట్టె పళ్ళెం వరసలో నా దగ్గరికి వచ్చింది. ముందు నీ సహోదరుడితో సమాధానపడి తర్వాత రా అని వాక్యంలో ఎంత తేటగా ఉందో పిల్లలకి అట్టముక్క మీద రాసి కంఠతా పట్టించినవాణ్ణి. పళ్ళెం అందుకోకుండా పక్కవాళ్ళకి అందించాను. మా ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి చూసింది. ఇంటికొచ్చాక, "ఏంటండీ, ఏం జరిగింది?" అంది. మొత్తం చెప్పాను. ఆవిడ అన్నం వడ్డిస్తూనే, "కైకలూరు బస్సు పొద్దున్నే ఉంటుంది" అంది.

సోమవారం సెలవు పెట్టి మేస్త్రి ఊరికి వెళ్ళాను. బస్సు దిగి గట్టు వెంబడి రెండు మైళ్ళు నడిచాను. మేస్త్రి వాకిట్లో కూర్చుని వల తాడుకి ఏదో రుద్దుతున్నాడు. పక్కన అతని తండ్రి, వేళ్ళు వంకర తిరిగిన ముసలాయన. నన్ను చూసి మేస్త్రి లేవలేదు. ముసలాయనే, "కూకోండి బాబూ, ఎండన పడి వచ్చారు" అన్నాడు.

నిలబడే చెప్పాను. చీటీ, సూది, నాలుగు కన్నాలు. అన్నీ వరసగా చెప్పాను. మేస్త్రి తాడు మీద చెయ్యి ఆపకుండా విన్నాడు. దాని మీద రుద్దుతున్నది మైనం కాదు, తారు. మైనం ముద్ద మా బల్ల మీదే వదిలేసి వచ్చాడు కదా.

"తప్పు నాది. క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను.

"నాకెందుకు చెప్తారండీ?" అన్నాడు. "నేను తియ్యలేదని నాకు ముందే తెలుసు కదా. తెలియనోళ్ళకి చెప్పండి. మూట అందరి ముందు విప్పించారు, మాట ఇక్కడ గట్టు మీద చెప్తే ఎట్టాగండీ?"

"అందరి ముందూ చెబుతాను. నువ్వు మళ్ళీ పనిలోకి రావాలి."

అతను తాడు పక్కన పెట్టాడు. మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"వస్తే ఒకటేనండీ. మీరు చూశాక నేను చూస్తాను. ప్రతి కోటూ. మీ ముందే."

సరే అన్నాను. ముసలాయన నాకు మజ్జిగ ఇచ్చాడు. కొడుకు ఇవ్వమనలేదు, వద్దనలేదు.

మంగళవారం మిషన్లు ఆపమని నేనే అడిగాను. ఆ రోజు మూట విప్పించిన చోటే నిలబడి, నా చీటీ సూది పైకెత్తి చూపించి చెప్పాను. యజమాని మొహం నల్లబడింది. "ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నారు?" అన్నారు. మీరు మెచ్చుకున్నారని అన్నాను. పీలికల గురించి అడిగినావిడ, "పోనీలెండి అన్నయ్యగారూ, ఇప్పటికైనా చెప్పారు" అంది. మేస్త్రిని పిలిపించడానికి యజమానికి పెద్ద అభ్యంతరం లేకపోయింది. నా చేతి మైనానికి తేనె మైనం మామూలుకి రెట్టింపు ఖర్చవుతోంది మరి. ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్ళీ లేచాను. ఈసారి చెప్పింది విని ఎవరూ స్తోత్రం అనలేదు. కాసేపు దగ్గులు వినిపించాయి. నన్ను దెప్పే పెద్దాయన బయట చెప్పులేసుకుంటూ, "ఇయ్యాళ్టిది సాక్ష్యమయ్యా" అన్నారు.

మేస్త్రి ఆ వారమే వచ్చాడు. మీరందరూ ఇక్కడ మేమిద్దరం స్నేహితులమైపోయామని ఎదురుచూస్తుంటారు. అలా జరగలేదు. మర్యాదగానే మాట్లాడేవాడు. పండక్కి నేను కేకు ముక్క ఇస్తే తీసుకునేవాడు, వాళ్ళింట్లో పెళ్ళికి పిలిచాడు, వెళ్ళాను. కానీ నేను నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూసి, చీటీ కాజాకి కట్టిన ప్రతి కోటునీ అతను వచ్చి దండెం మీద నుంచి తీసేవాడు. తొందరపడేవాడు కాదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముందు ఎడమ భుజం, తర్వాత కుడి భుజం వెలుతురుకి పట్టి చూసేవాడు. చూసి, మళ్ళీ దండేనికి తగిలించేవాడు.

నేను ఆ షెడ్డులో ఇంకా పదకొండేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో అతనికి ఒక్క కన్నం కూడా దొరకలేదు. చూడటం మాత్రం ఒక్కరోజూ మానలేదు. నేను కూడా, అతను చూసి తగిలించేదాకా, ఆ కోటు పాసైందని పుస్తకంలో రాయలేదు.